మామిడితోపులో ఆసియా

బోల్పూరు ఎర్రమట్టీ, నీకు దండం!

నాగలికి లొంగని గుల్లనేలవని నిన్నెవరూ పట్టించుకోని రోజులవి. వానలు కోసిన వంకలూ, నాలుగు తాటిచెట్లూ తప్ప నీకు సొమ్ములేవీ లేవు. అలాంటి నువ్వు, ఆ దారిన పోతున్న దేవేంద్రనాథ్ ఠాగూరును రెండు సప్తపర్ణి చెట్ల నీడ చూపించి ఆపేశావు. 1863లో ఆయన ఇరవై బీఘాలు కౌలుకు తీసుకుని, ధ్యానం చేసుకోవడానికి శాంతినికేతనమనే ఓ ఇల్లు కట్టుకున్నాడు. 1901లో ఆయన కొడుకు రవీంద్రుడు గుప్పెడు మంది పిల్లలను పోగేసి చెట్ల కింద బడి పెట్టాడు. 1921 డిసెంబరు 23న ఆ చెట్ల కిందే విశ్వభారతి వెలిసింది. లోకమంతా ఒకే గూటికి చేరాలన్న వేదవాక్కును దానికి ముద్రగా పెట్టుకున్నారు. గూడు ఊరికే రాదు. పుల్లాపుడకా ఏరి తేవాలి. ఏ పుల్ల ఏ దేశం నుంచి వచ్చిందో, ఎవరి ముక్కున కరుచుకుని వచ్చిందో, తలుచుకుంటూ పాడుకుంటాను.

నీ గంటకు దండం. పొద్దున్నే అది మోగగానే పసుపుపచ్చ బట్టల పిల్లలు చాపముక్కలు చంకన పెట్టుకుని మామిడితోపులోకి వచ్చేస్తారు. నీడ ఎటు జరిగితే తరగతి అటు జరుగుతుంది. వాన వస్తే పాఠం ఆగిపోయి పాట మొదలవుతుంది. బుధవారం తెల్లవారుజామున గాజు మందిరంలో ప్రార్థన. రంగురంగుల అద్దాల ఆ మందిరంలో విగ్రహం లేదు, పూజారి లేడు, హారతి లేదు. కొన్ని మంత్రాలు, కొన్ని పాటలు, మధ్య మధ్య మౌనం. డిసెంబరు 25 రాత్రి అక్కడే కొవ్వొత్తుల వెలుగులో క్రీస్తును తలుచుకుంటారు.

నీ ఋతువులకు దండం. దేవుళ్ళ పేర్లతో పండుగలు చేసుకునే దేశంలో నువ్వు వానకు పండుగ చేశావు. దుక్కికి చేశావు. మొక్కకు చేశావు. 1928లో తొలిసారి వృక్షారోపణం జరిగింది. నాటబోయే మొక్కను పెళ్ళికూతురిలా పల్లకిలో కూర్చోబెట్టి, ముందు పాటలు, వెనక ఆటలు, పిల్లలు ఊరేగించుకు వెళతారు. మొక్కకింత మర్యాద చేసిన విశ్వవిద్యాలయం మరోటి ఉందేమో నాకైతే తెలియదు. వసంతోత్సవం మరీ ముద్దు. దానికి బీజం వేసింది ఓ పసివాడు. రవీంద్రుడి చిన్నకొడుకు శమీంద్రుడు 1907లో తోటిపిల్లల్ని కూడగట్టి ఋతువుల వేషాలు కట్టించాడు. ఆ ఏడే, పదకొండేళ్ళకే, కలరా వాణ్ణి తీసుకుపోయింది. బిడ్డ మొదలుపెట్టిన ఆటను తండ్రి ఆపలేదు. మోదుగపూలు విచ్చే వేళకు ఏటేటా ఆ ఆట సాగుతూ సాగుతూ దేశమంతా చూడవచ్చే పండుగైంది. రంగులు చల్లుకునే లక్షల మందిలో ఆ పిల్లవాడి పేరు ఎంతమందికి తెలుసో!

పండుగ ముందటి సాయంత్రం నిన్ను చూడాలి. అమ్మాయిలూ అబ్బాయిలూ నేల మీద గొంతుక్కూర్చుని అల్పన వేస్తుంటారు. బియ్యం నానబోసి మెత్తగా రుబ్బి, నీళ్ళు కలిపిన పిండి గిన్నెలో ఉంటుంది. చిన్న గుడ్డపేలిక అందులో ముంచి అరచేతిలో పట్టుకుంటారు. వేళ్ళు నెమ్మదిగా నొక్కుతుంటే తెల్లని పిండినీళ్ళు ఉంగరపువేలి కొస మీదుగా జారి నేల మీద గీత అవుతాయి. మన ముగ్గుకు చుక్కలు కావాలి, లెక్క కావాలి, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నుంచి పిండి పొడిపొడిగా రాలాలి. అల్పనకు చుక్కలుండవు. తీగ తనకు తోచినట్టు మలుపు తిరుగుతుంది. మలుపు దగ్గర ఓ ఆకు, ఆకు పక్కన ఓ మొగ్గ. తడిగా ఉన్నంతసేపూ గీత సగమే కనిపిస్తుంది. ఆరేకొద్దీ తెల్లబడుతుంది. గీసిన పిల్ల లేచి, పేలిక పిండుకుని, నాలుగడుగులు వెనక్కు వేసి చూసుకునే సరికి ఎర్రమట్టి మీద తెల్లతామర పూసి ఉంటుంది. బెంగాలీ ఆడవాళ్ళు నోముల్లో వేసుకునే ఈ పిండిగీతను చిత్రకారుడు నందలాల్ బోస్ విశ్వభారతి చిత్రకళాశాల అయిన కళాభవన్‌లోకి తెచ్చి పాఠం చేశాడు. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన సుకుమారీ దేవిని గురువుగా కూర్చోబెట్టాడు. ఇంటి వాకిట్లో అమ్మమ్మలు వేసే గీతకు విశ్వవిద్యాలయంలో గురుపీఠం దొరకడం, ఆ కాలానికి, చిన్న సంగతి కాదు.

ఇంతవరకూ చెప్పిందంతా కంటికి కనిపించే అందం. నేను అసలు మొక్కవలసింది ఆ అందం వెనకున్న చదువుకు.

పొరుగు దేశాల్ని పండుగకు పిలవడం ఎవరైనా చేస్తారు. జెండాలు కట్టి, నలుగురు కుర్రాళ్ళకు అద్దె కిమోనోలు తొడిగి, నూడుల్స్ బండి పెట్టించి, సాయంత్రానికి అన్నీ విప్పేసి ఇంటికి పోవచ్చు. శాంతినికేతనమా, నువ్వలా చేయలేదు. ముందు గురువును పిలిచావు. ఆయనకు పీట వేశావు, ఇల్లు ఇచ్చావు, ఆయన భాషలో ఓనమాలు దిద్దావు. ఆ తర్వాతే పండుగ చేశావు. పండుగలో పాడినవాడికి పాట అర్థం తెలుసు. ఆడినవాడికి ఆ అడుగు ఏ దీవిలో పుట్టిందో తెలుసు. ఈ ఒక్క వరసను పట్టుకున్నందుకే నీకు ఇంత స్తోత్రం.

విశ్వభారతి మొదలైన ఏడే పారిస్ నుంచి సిల్వాఁ లెవీ వచ్చాడు. ప్రపంచంలో పేరెన్నికగన్న సంస్కృత పండితుడు. ఆయన నేర్పినవాటిలో చైనీస్ ఉంది, టిబెటన్ ఉంది. ఫ్రెంచివాడు బెంగాల్ పల్లెలో కూర్చుని భారతీయులకు చైనా అక్షరాలు దిద్దించాడు! విధుశేఖర శాస్త్రి అప్పటికే నలభై దాటిన వేదపండితుడు. అయినా పలక పట్టాడు. యువకుడైన ప్రబోధ్ చంద్ర బాగ్చి లెవీ వెంట నడిచి చైనా చదువులో దిట్ట అయ్యాడు, తర్వాతి కాలంలో విశ్వభారతికే ఉపకులపతి అయ్యాడు.

1924లో రవీంద్రుడు చైనా వెళ్ళాడు. పక్కన నందలాల్ బోస్, సాధుసంతుల వాణిని ఊరూరా సేకరించిన క్షితిమోహన్ సేన్, చరిత్రకారుడు కాళిదాస్ నాగ్ ఉన్నారు. యువకవి షూ జిమో ఆయన మాటల్ని చైనీస్‌లో వినిపించాడు. ఆ మే నెలలో పెకింగులో ఆయన పుట్టినరోజు జరిపారు, పండితుడు లియాంగ్ చీచావ్ ఆయనకు చైనా పేరు పెట్టాడు. అందరూ మెచ్చుకున్నారనుకుంటే పొరపాటు. తూర్పు దేశాల ఆత్మ గురించి ఈ గడ్డాల ముసలాయన చెప్పేది మాకేం పనికొస్తుంది, మాకు కావలసింది యంత్రాలు, విప్లవం అని అక్కడి కుర్రకారు కరపత్రాలు పంచారు. వాళ్ళ కోపంలోనూ న్యాయం ఉంది. కవి నొచ్చుకున్నాడు, ఆశ మాత్రం వదల్లేదు.

ఆ ఆశకు రూపం పేరు తాన్ యున్-షాన్. 1927లో మలయా ప్రాంతంలో కవిని కలుసుకున్నాడు, 1928లో శాంతినికేతనం చేరాడు. హునాన్ యువకుడు, బౌద్ధం చదువుకున్నవాడు. చైనీస్ నేర్పాడు, తాను సంస్కృతం నేర్చుకున్నాడు. తర్వాత చైనా వెళ్ళి, గడపగడపా తిరిగి, 1933లో నాన్‌కింగ్‌లో చైనా భారత సాంస్కృతిక సంఘం నిలబెట్టి, డబ్బులూ పుస్తకాలూ కూడగట్టుకుని వచ్చాడు. 1937 ఏప్రిల్ 14న, బెంగాలీ సంవత్సరాది నాడు, చీనా భవన్ తలుపులు తెరుచుకున్నాయి. నెహ్రూ రావలసింది, ఒంట్లో బాగాలేక రాలేకపోయాడు. తండ్రి సందేశం పట్టుకుని ఇందిర వచ్చింది. కొన్నేళ్ళ కిందట అదే తోపులో చదువుకున్న అమ్మాయి ఆమె.

చీనా భవనమా, నీ గోడలకు దండం. 1942లో నందలాల్ బోస్ అక్కడ నటీపూజ ఘట్టం చిత్రించాడు. బుద్ధుడి స్తూపం ముందు నాట్యమాడినందుకు ప్రాణం ఇచ్చిన నర్తకి కథ అది. అదే భవనంలో వినోద్ బిహారీ ముఖర్జీ ఆశ్రమ జీవితాన్ని చిత్రించాడు. చెట్లు, పిల్లలు, నడిచిపోయే మనుషులు, కూర్చున్న మనుషులు. పుట్టుకతోనే ఆయన చూపు అంతంతమాత్రం, నడివయసులో పూర్తిగా పోయింది. మసకకళ్ళతో ఆయన ఆ గోడల నిండా అంత వెలుగు పోశాడు. ఇవాళ కెమెరాలతో వచ్చేవాళ్ళు బయట రామ్‌కింకర్ బైజ్ చేసిన సంతాల్ కుటుంబం విగ్రహం దగ్గర ఫొటో దిగి వెళ్ళిపోతారు. అదీ చూడవలసిందే, కాదనను. లోపలి గోడల్ని వదిలేయకండని నా మనవి.

ఆ చదువులో మనకూ వాటా ఉంది. కృష్ణాతీరంతో పేరు ముడిపడిన ఆచార్య నాగార్జునుడు తన మిత్రుడైన శాతవాహన రాజుకు రాసిన లేఖ సుహృల్లేఖ. దాని సంస్కృత మూలం పోయింది. టిబెటన్‌లో మిగిలింది, చైనీస్‌లో మిగిలింది. ఏడో శతాబ్దంలో మన దేశానికి వచ్చిన చైనా యాత్రికుడు ఇత్సింగ్, ఇక్కడి పిల్లలు దాన్ని కంఠతా పట్టేవారని రాసుకున్నాడు. మన గడ్డ మీది ఉత్తరం మనకు చిరునామా తప్పి, వాళ్ళ పెట్టెలో భద్రంగా ఉంది. దాన్ని తిరిగి చదువుకోవాలంటే చైనా లిపి ముందు కూర్చోవలసిందే.

కూర్చోవడం మాటలు కాదు. నేర్చుకునే పిల్లను దగ్గరగా గమనించండి. రాతి పళ్ళెంలో నాలుగు చుక్కల నీళ్ళు, అందులో నల్లటి సిరాకడ్డీని గుండ్రంగా అరగదీస్తుంది. తొందరపడితే సిరా పలచబడుతుంది. కుంచెను పెన్సిల్‌లా వాల్చి పట్టకూడదు, నిటారుగా నిలబెట్టాలి. మణికట్టు బల్లకు ఆనకూడదు. గీతకొక వరస ఉంది, పైనుంచి కిందికి, ఎడమనుంచి కుడికి. వరస తప్పితే తెలిసినవాడి కంటికి వెంటనే పట్టుబడుతుంది. శాశ్వతం అనే అర్థమున్న ఒక్క అక్షరంలోనే అన్ని ముఖ్యమైన గీతలూ, ఎనిమిది, ఇమిడి ఉంటాయని దాన్నే వందలసార్లు రాయిస్తారు. పల్చటి కాగితం సిరాను పీల్చేస్తుంది, దిద్దడానికి వీల్లేదు. పడిన గీత పడినట్టే. ఆ పిల్ల రాసిన కాగితాన్ని వేడుక నాడు గోడకు అంటిస్తే, చూసేవాళ్ళు బాగుందని ముందుకు నడిచిపోతారు. దాని కింద ఎన్ని నల్లబడ్డ కాగితాలు చెత్తబుట్టలో పడ్డాయో ఆ పిల్లకు తెలుసు, గురువుకు తెలుసు.

1939 చివర్లో చైనా చిత్రకారుడు షూ బెయ్‌హాంగ్ వచ్చాడు. ఆయన గుర్రాల బొమ్మలు లోకప్రసిద్ధం. మరుసటి ఫిబ్రవరిలో గాంధీ శాంతినికేతనం వచ్చినప్పుడు ఎదురుగా కూర్చుని బొమ్మ గీసుకున్నాడు. కొండల్ని తవ్విపోసిన ముసలివాడి చైనా కథను పెద్ద చిత్రంగా వేసిందీ ఆ భారతదేశపు రోజుల్లోనే. అందులో తవ్వే కండలు తిరిగిన కూలీల్లో మన భారతీయ ముఖాలు కనిపిస్తాయి. కథ వాళ్ళది, చెమట మనది. 1962లో సరిహద్దున తుపాకులు పేలినప్పుడు కూడా చీనా భవన్ నిలబెట్టిన తాన్ యున్-షాన్ ఈ దేశం విడిచిపెట్టలేదు. 1983లో బోధ్‌గయలో కన్నుమూశాడు.

జపానూ, నీకూ ఓ దండం, కాస్త ఆగి. నీతో చెలిమి అన్నిటికన్నా పాతది. 1902లో జపాన్ కళాచింతకుడు ఒకాకురా కకుజో కలకత్తా వచ్చి ఠాగూర్ల ఇంట్లో అందరి మనసూ దోచుకున్నాడు. అదే ఏడు హోరి షితోకు అనే యువభిక్షువు సంస్కృతం నేర్చుకోవడానికి శాంతినికేతనం వచ్చి, తొలి విదేశీ విద్యార్థి అయ్యాడు. బడి పెట్టి అప్పటికి ఏడాది! 1929లో జూడో గురువు తకగాకి వచ్చాడు. చీర కొంగు బిగించి అమ్మాయిలు కూడా బరిలోకి దిగారు. వాళ్ళలో క్షితిమోహన్ సేన్ కూతురు అమిత ఒకరు. ఆమె కొడుకే అమర్త్య సేన్. తొంభై ఏళ్ళ కిందట ఆడపిల్ల మనిషిని ఎత్తి పడేయడం నేర్చుకుంది, అదీ ఆశ్రమంలో!

చెలిమి అంత గట్టిది కాబట్టే తగువూ గట్టిగా పడింది. 1938లో జపాన్ సేనలు చైనాను తగలబెడుతుంటే, కవి యోనె నొగుచి ఆ యుద్ధాన్ని సమర్థిస్తూ రవీంద్రుడికి ఉత్తరం రాశాడు. ఆయన పాత స్నేహితుడే, శాంతినికేతనంలో విడిది చేసినవాడే. రవీంద్రుడు మొహమాటపడలేదు. తాను ప్రేమించిన ఆ ప్రజలకు విజయం కోరలేననీ, పశ్చాత్తాపం కోరుకుంటున్నాననీ జవాబు రాశాడు. అతిథి మర్యాద పేరుతో అబద్ధానికి తలూపని పెద్దరికం అది. సాంస్కృతిక సంబంధాల పేరిట వేదికల మీద శాలువాలు కప్పుకునే మనం ఆ ఉత్తరాలు ఓసారి చదువుకోవాలి. ఆ తగువు తర్వాతా జపానీ చదువు చావలేదు. పాత చెలిమిని భుజాన వేసుకున్న కజువో అజుమా జపాన్‌లో చందాలు కూడగట్టాడు. 1994లో నిప్పాన్ భవన్ వచ్చింది. నేటికీ అక్కడ జపనీస్ నేర్పుతున్నారు.

దీవులకు దండం. 1927లో కవి జావా, బాలి, సయాం తిరిగాడు. భాషాశాస్త్రవేత్త సునీతి కుమార్ ఛటర్జీ వెంట నడిచి, చూసిందల్లా రాసిపెట్టాడు. చిత్రకారుడు సురేంద్రనాథ్ కర్ కూడా ఉన్నాడు. వాళ్ళు తెచ్చిన బాతిక్ విద్య శాంతినికేతనం అద్దకంలో కలిసిపోయింది. బట్ట మీద వేడి మైనం గీసి రంగులో ముంచుతారు. మైనం ఉన్నచోట రంగు పట్టదు, మైనం పగిలినచోట సన్నని నరాల్లా రంగు దిగుతుంది. కలంకారీ చూసిన తెలుగువాళ్ళకు ఇది అయినవాళ్ళ ఇంట్లో అడుగుపెట్టినట్టు ఉంటుంది. మనవాళ్ళూ మైనం వాడినవాళ్ళే. నాట్యంలో సంగతి ఇంకా చిత్రం. 1919లో సిల్హెట్‌లో మణిపురి చూసి మైమరచిన కవి, ఆ గురువుల్ని పిలిపించి బడిలో పెట్టించాడు. గౌరవకుటుంబాల ఆడపిల్లలు ఆడటమా అని ఊరు గొణిగింది, ఆయన వినలేదు. ఆశ్రమ గాయకుడు శాంతిదేవ్ ఘోష్ సింహళం, జావా, బాలి వెళ్ళి అడుగులు నేర్చుకొచ్చాడు. చండాలిక, చిత్రాంగద వంటి నృత్యనాటికలు ఆడేటప్పుడు ఓ చెయ్యి మణిపురిది, ఓ అడుగు సింహళపు కాండీది, ఓ చూపు కథాకళిది. శాస్త్రం తప్పిందని పండితులు మూతి ముడిచారు. నాకు ముచ్చటేసేది ఆ కలగాపులగమే.

సింహళం నుంచి వచ్చి చదువుకున్న ఆనంద సమరకోన్ తన దేశానికి జాతీయగీతం కట్టాడు. భారతదేశం పాడుకునేదీ, బంగ్లాదేశ్ పాడుకునేదీ రవీంద్రుడివే. మూడు దేశాల పిల్లలు పొద్దున్నే నిలబడి పాడే పాటలకు ఈ ఎర్రమట్టితో చుట్టరికం ఉంది. మన గీతానికి మదనపల్లెతో కూడా. 1919లో అక్కడి కళాశాలలో విడిది చేసినప్పుడే కవి దాన్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చుకున్నాడు. అక్కడే ఉన్న మార్గరెట్ కజిన్స్ స్వరాలు రాసుకుంది.

పారశీకమా, నిన్ను మరిచిపోలేదు. 1927లో మన హైదరాబాద్ నిజాం విశ్వభారతికి లక్ష రూపాయలిచ్చాడు, ఇస్లామిక్ చదువుల కోసం. ఆ సొమ్ముతో నిలిచిన పీఠంలోకి హంగరీ నుంచి పండితుడు జూలియస్ గెర్మానుస్ వచ్చాడు. 1932లో రవీంద్రుడు ఇరాన్ వెళ్ళి షిరాజ్‌లో హాఫిజ్ సమాధి దగ్గర కూర్చున్నాడు. ఆ తర్వాత ఇరాన్ ప్రభుత్వం పూరె దావూద్ అనే పండితుణ్ణి శాంతినికేతనానికి పంపింది. అరబిక్, పర్షియన్, ఉర్దూ చదువులు అక్కడ ఇప్పటికీ ఉన్నాయి. దక్కన్ ఖజానా డబ్బుతో, హంగరీ గురువు నోట, బెంగాల్ చెట్టు కింద ఇస్లామిక్ చదువు! తలుచుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది.

తెలుగుగడ్డ నుంచి వెళ్ళింది సొమ్మొక్కటే కాదు. పిఠాపురం సంస్థానంలో తుమరాడ సంగమేశ్వర శాస్త్రి వీణ విని కవి కదిలిపోయాడు, శాంతినికేతనానికి రప్పించుకున్నాడు. ఆయన అక్కడ కొన్నాళ్ళుండి వీణ నేర్పాడు. నెల్లూరు పిల్లవాడు బెజవాడ గోపాలరెడ్డి అక్కడ చదువుకుని బెంగాలీ ఒంటబట్టించుకున్నాడు. మంత్రిగా, ముఖ్యమంత్రిగా, గవర్నరుగా ఎన్ని కుర్చీలు ఎక్కినా రవీంద్రుణ్ణి తెలుగు చేయడం మానలేదు. కొండపల్లి శేషగిరిరావు నందలాల్ బోస్ దగ్గర కుంచె పట్టి తెలంగాణకు తిరిగొచ్చాడు.

ఫిబ్రవరి 21కి దండం. 1952లో ఆ రోజున ఢాకా వీధుల్లో తమ భాష కోసం కుర్రాళ్ళు ప్రాణాలిచ్చారు. 1999లో యునెస్కో దాన్ని మాతృభాషల దినంగా ప్రకటించింది. 2018లో బంగ్లాదేశ్ భవన్ కూడా వచ్చిన ఈ నేల మీద ఆ రోజుకు ఉండే బరువు వేరు. చుట్టూ సంతాల్ పల్లెలున్నాయి. ఆ పిల్లల భాషకూ విశ్వభారతిలో తరగతి ఉంది. దూరదేశాల లిపులు నేర్చుకుని పక్క ఊరి భాషను చిన్నచూపు చూసి ఉంటే నేను ఈ స్తోత్రం రాసేవాణ్ణి కాదు.

స్తోత్రమన్నాక తప్పులు ఎత్తకూడదంటారు. నాకది నప్పదు. పౌష మేళా 1894 నుంచి వస్తున్నది, దేవేంద్రనాథుడు దీక్ష తీసుకున్న పౌషం 7వ నాటి గుర్తుగా. బావుల్ గాయకులు ఏకతార పట్టుకుని వచ్చేవారు, సంతాల్ డప్పులు మోగేవి, పల్లె కుమ్మరులు కుండలు పరిచేవారు. రానురాను ప్లాస్టిక్ బొమ్మలూ, పొగా, ట్రాఫిక్కూ పెరిగి మేళా పర్యావరణ ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. 2020లో మైదానం చుట్టూ గోడ లేపబోతే పెద్ద గొడవ జరిగింది. ఆ తర్వాత కొన్నేళ్ళు మేళా తన పాత తీరులో జరగనే లేదు. వసంతోత్సవానికి తోసుకొచ్చే జనాన్ని భరించలేక బయటివాళ్ళకు తలుపులు మూశారు. 2023లో యునెస్కో శాంతినికేతనాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. మంచిదే. పలక మీద పేరు చెక్కడం తేలిక. చైనీస్ తరగతికి కుర్రాళ్ళు వచ్చేలా, టిబెటన్ చదివినవాడికి తిండి దొరికేలా చూడటం కష్టం. ఈ రెండో పని జరుగుతున్నంత కాలమే ఆ గుర్తింపుకు విలువ.

అయినా నువ్వు బతికే ఉన్నావు, ఎర్రమట్టీ. పట్టా పుచ్చుకునే రోజున ఇంకా మామిడితోపులోనే సభ చేస్తున్నావు. ఒకప్పుడు పట్టాతోపాటు ఓ సప్తపర్ణి ఆకును ప్రతి చేతిలో పెట్టేదానివి. ఎక్కడి నుంచి వచ్చిన పిల్లకైనా అదే ఆకు. కొందరు దాన్ని పుస్తకంలో దాచుకునేవారు, నాలుగేళ్ళకు అది గోధుమరంగుకు తిరిగి ఈనెలు మిగిలేవి.

తెలుగు విశ్వవిద్యాలయాల పెద్దలారా, మీకో విన్నపం. ఏటా సాంస్కృతికోత్సవాలకు షామియానాలు వేయిస్తున్నారు, వేయించండి. దాంట్లోంచి కొంత తీసి, ఓ టిబెటన్ గురువుకో, ఓ సింహళ గురువుకో, ఓ పర్షియన్ గురువుకో మూడేళ్ళు జీతమివ్వండి. పక్కనే ఉన్న గోండి, కోయ మాట్లాడే ఓ పెద్దావిడను పిలిచి కుర్చీ వేయండి. పదిమంది పిల్లలు చేరినా చాలు. ఉత్సవం సంగతి మూడో ఏడు వాళ్ళే చూసుకుంటారు.

చదివేవాళ్ళకూ ఓ మాట. హౌరా నుంచి బోల్పూర్ శాంతినికేతన్ స్టేషన్‌కు రైల్లో మూడు గంటల లోపు ప్రయాణం. పండుగకు కాకుండా మామూలు రోజున వెళ్ళండి. బుధవారం మాత్రం వద్దు, ఆ రోజు అక్కడ వారపు సెలవు, తరగతులు ఉండవు.